పది మంది, ఒక మినిట్స్ పుస్తకం, ఒక ఏడాది: డెల్టా యువత నాయకత్వం నేర్చుకునే దారి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు సలహాలిచ్చే టెక్నీషియన్, మండపేటలో నాన్నగారి రైసుమిల్లు చూసుకునే కొడుకు, అమలాపురం కోర్టులో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన లాయరమ్మ, పాలకొల్లులో ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. అందరికీ పాతికా ముప్పై ఏళ్లు. చదువుంది, కాస్తో కూస్తో సంపాదన ఉంది, ఊరికి ఏదైనా చేయాలన్న ఆశ ఉంది. చాంబర్ ఆఫ్ కామర్స్‌లోనో పంచాయతీలోనో ఒక కుర్చీ మీద కన్నూ ఉంటుంది. ఉండాలి కూడా. అయితే చాలామంది కుర్చీ వచ్చాక నేర్చుకుందాంలే అనుకుంటారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కుర్చీ ఎక్కిన రోజు నుంచి ఫోన్లు మోగుతూనే ఉంటాయి, నేర్చుకునే తీరిక ఉండదు.

మైకు ముందు దంచేసేవాళ్లకు గోదావరి జిల్లాల్లో ఎన్నడూ కరువు లేదు. చెప్పిన తేదీకి పని చేసి, అయిన ఖర్చు రూపాయి తేడా లేకుండా చదివి వినిపించేవాళ్లకే కరువు. అందుకే పది మంది ఒక బృందంగా కూడి ఏడాదిపాటు చేసే ఈ సాధనలో ఉపన్యాసం మూడో మెట్టు. మొదట సమావేశం నడపడం, తర్వాత డబ్బు లెక్క, ఆ తర్వాతే మాట. అర్జీ, పని అప్పగించడం వాటి వెనక వస్తాయి. ఏడాది పడుతుంది, తొందరపడొద్దు.

ఎవరు, ఎంతమంది, ఎప్పుడు

10 నుంచి 12 మంది చాలు. ఏడుగురికి తగ్గితే ఇద్దరు రాని రోజున సమావేశం చప్పబడిపోతుంది, పదిహేను దాటితే నలుగురే మాట్లాడతారు. వయసు 21 నుంచి 35 మధ్య ఉంటే మేలు. 21 ఎందుకంటే వార్డు మెంబరుగానో సర్పంచ్‌గానో పోటీ చేయడానికి కావలసిన కనీస వయసు అదే.

మనుషుల్ని ఎంచుకోవడంలోనే సగం పాఠం ఉంది. ఒకే వీధి, ఒకే కులం, ఒకే కాలేజీ బ్యాచ్ అయితే మీకు వినిపించేది మీ మాటే. దళితపేట నుంచి, మత్స్యకారుల వాడ నుంచి, బజారు నుంచి, రైతుల ఇళ్ల నుంచి మనుషులు ఉండాలి. ఒక ఇంటి నుంచి ఒక్కరే. కనీసం నలుగురు ఆడవాళ్లు ఉండాలి, వాళ్లను టీ ఏర్పాట్లకు పరిమితం చేయకూడదు. రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం మహిళలవే. అయినా చాలాచోట్ల సర్పంచ్ గారి భర్తే మైకు పట్టుకుంటున్నాడంటే, ఆమెకు ముందుగా సాధన చేసే చోటు ఎవరూ చూపించలేదన్నమాట. ప్రభుత్వ ఉద్యోగులు ఉంటే సమావేశాల వరకు రానివ్వండి, ఎన్నికల పనుల్లోకి మాత్రం లాగకండి. సర్వీసు నిబంధనలు ఒప్పుకోవు.

దసరా వెళ్లాక మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సమావేశాలు, లెక్కలు, మాట. జనవరి నుంచి మార్చి దాకా ఒక అర్జీ పని. ఏప్రిల్, మేలలో నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు కాబట్టి అప్పుడు జరిగే కాలువ పనులు దగ్గరుండి చూడటం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ఇలా మొదలెడితే మన పంటల క్యాలెండరే మీ క్యాలెండరు అవుతుంది. సార్వా కోతలప్పుడు పగలు ఎవరూ రారు, సమావేశం రాత్రి ఎనిమిదికి పెట్టుకోండి. సంక్రాంతి వారం వదిలేయండి.

పదిహేను రోజులకొకసారి కలవాలి. చోటు ఎవరి ఇల్లూ కాకూడదు, ఏ పార్టీ నాయకుడి ఆఫీసూ కాకూడదు. ఎవరింట్లో కూర్చుంటే వాళ్లే పెద్ద అవుతారు. గుడి మండపంలోనూ చర్చి ఆవరణలోనూ వద్దు, రావడానికి ఇబ్బందిపడే సభ్యులు ఉండొచ్చు. శాఖా గ్రంథాలయం, బడి గది, క్లబ్బు హాలు మంచివి.

మినిట్స్ పుస్తకం

200 పేజీల లాంగ్‌బుక్ ఒకటి కొని, మొదటి రోజే ప్రతి పేజీకీ నంబరు వేయండి. నంబరు లేని పుస్తకంలో పేజీలు మాయమవుతాయి. ఎజెండా మూడు రోజుల ముందు గ్రూపులో పెట్టాలి, నాలుగు అంశాలు మించకూడదు. సమయం గంటంబావు. ఏడున్నర అన్నారంటే ఏడున్నరే. ముగ్గురు వచ్చినా మొదలెట్టాలి, నిర్ణయాలు మాత్రం కోరం, అంటే కనీస హాజరు, నిండాకే. అది సభ్యుల్లో మూడింట రెండు వంతులని మొదట్లోనే రాసుకోండి. ప్రతి సమావేశానికీ అధ్యక్షుడు మారాలి, కార్యదర్శి మూడు నెలలకు, కోశాధికారి ఆరు నెలలకు మారాలి.

ఎక్కువమంది చెడగొట్టేది తీర్మానం రాయడంలో. ఇది చూడండి: "మురుగు కాలువ సమస్యపై సంబంధిత అధికారులను కలిసి వినతిపత్రం ఇవ్వాలని సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు." చదవడానికి పెద్దమనిషి తరహాగా ఉంది. కానీ ఎవరు వెళ్తారో, ఎవరిని కలుస్తారో, ఎప్పుడో, ఎంత ఖర్చవుతుందో ఇందులో లేదు. నెల తర్వాత అడిగితే "నువ్వెళ్తావనుకున్నా" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అదే ఇలా రాస్తే: "మురుగు కాలువలో పెరిగిన తూడు కలుపు తీయించమని డ్రైన్ల విభాగం అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారికి అర్జీ ఇవ్వాలి. కార్యదర్శి 12వ తేదీలోగా రాస్తారు. ఇద్దరు సభ్యులు (పేర్లు) 16వ తేదీ ఉదయం పదిన్నరకు ఇచ్చి, రసీదు ఫొటో ఆ రోజే గ్రూపులో పెడతారు. జిరాక్సులకు, బస్సుకు 200 రూపాయలు దాటకూడదు. వచ్చే సమావేశంలో మొదటి అంశం ఇదే." మనిషి, పని, తేదీ, డబ్బు. నాలుగూ లేని తీర్మానాన్ని అధ్యక్షుడు సంతకానికి పంపకూడదు. లేచి వెళ్లేముందు కార్యదర్శి రాసింది పైకి చదవాలి, అందరూ సంతకం పెట్టాలి. ఇంటికెళ్లి తీరిగ్గా రాస్తానంటే ఒప్పుకోవద్దు. తెల్లారేసరికి ఎవరికి గుర్తున్నట్టు వాళ్లు చెబుతారు.

ఈ పద్ధతి కళ్లారా చూడాలంటే మీ వీధిలోని డ్వాక్రా సంఘం సమావేశానికి అనుమతి అడిగి ఒక మూల కూర్చోండి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ: వాళ్లు పంచసూత్రాలంటారు. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు లక్షల రూపాయల బ్యాంకు అప్పులను ఈ అయిదింటి మీదే నడిపిస్తున్నారు. ఈ డెల్టాలో నాయకత్వానికి అంతకు మించిన బడి లేదు. చదువుకున్న కుర్రాళ్లు అటువైపు చూడకపోవడం వాళ్లకే నష్టం.

మొహమాటం

మన సమావేశాలను ముంచేది గొడవ కాదు, మొహమాటం. పెద్దాయన ఒక మాట అన్నాక "అలాగేనండి" అని అందరూ తలూపుతారు, బయటికొచ్చి టీ కొట్టు దగ్గర అసలు మాట మాట్లాడుకుంటారు. దీనికి మందు మూడు అలవాట్లు. అధ్యక్షుడు తన అభిప్రాయం ఆఖరున చెప్పాలి. మాట్లాడే వంతు వయసులో చిన్నవాళ్ల నుంచి మొదలవ్వాలి. డబ్బు ఖర్చయ్యే ప్రతి అంశానికీ ఒకరిని ముందుగానే "కాదని వాదించే మనిషి"గా పెట్టాలి. అది తనకు అప్పగించిన పని కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. నాలుగు సమావేశాలు గడిచేసరికి పని అప్పగించకపోయినా కాదనడం అలవాటవుతుంది.

కాదనే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. "మీరు చెప్పింది తప్పండీ" అంటే మాట అక్కడితో తెగిపోతుంది. "ఖర్చు విషయంలో నాకో అనుమానం ఉందండీ, ఇలా చేస్తే ఎలా ఉంటుందంటారు?" అంటే మాట సాగుతుంది. మర్యాద పోకుండా కాదనడం గోదావరి యాసకు కొత్తేమీ కాదు, కాస్త వెతికి పట్టుకోవాలంతే.

డబ్బు

నెలకు తలా 100 రూపాయలు. 12 మందికి ఏడాదికి 14,400 అవుతుంది. పుస్తకాలకు, జిరాక్సులకు, టీకి, బస్సుకు సరిపోతుంది. బయట చందాలు మొదటి ఏడాది తీసుకోవద్దు. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్లు రేపు తమ పేరు ఫ్లెక్సీ మీద లేదంటారు.

డబ్బు ఒకరి సొంత ఫోన్‌పే ఖాతాలోకి వెళ్లడంతోనే అనుమానాలు మొదలవుతాయి. ఆ మనిషి నిజాయితీపరుడే కావచ్చు. కానీ సంఘం డబ్బూ ఇంటి డబ్బూ కలిశాక ఆయన కూడా విడదీసి చూపించలేడు. ఇద్దరి సంతకాలతో జాయింటు ఖాతా తెరవండి. నంబర్లున్న రసీదు పుస్తకం వాడండి, పాడైన రసీదు చింపేయకుండా అడ్డగీత కొట్టి ఉంచండి. నెలాఖరున నిల్వ, వచ్చింది, పోయింది, మిగిలింది అనే నాలుగు అంకెలు సమావేశంలో పైకి చదవాలి. 10 రూపాయల తేడా వచ్చినా అక్కడే ఆగి వెతకాలి. రేపు పంచాయతీ నిధులైనా కంపెనీ ఖాతాలైనా చూసేది ఈ కళ్లతోనే. రిజిస్ట్రేషన్ మాట రెండో ఏడాది చూసుకోవచ్చు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే సరిపోతుంది.

మూడు నిమిషాల మాట

ప్రతి సమావేశంలో ఇద్దరు, ఒక్కొక్కరు మూడు నిమిషాలు. అంటే తెలుగులో సుమారు 250 నుంచి 300 పదాలు. ఒకరు ఫోనులో సమయం చూసి రెండున్నరకు చెయ్యెత్తాలి, మూడుకు లేచి నిలబడాలి. మరొకరు "అంటే", "అదే", "బేసిగ్గా", "ఇంకోటేంటంటే" ఎన్నిసార్లు దొర్లాయో గీతలు పెట్టాలి.

మన దగ్గర మొదటి రెండు నిమిషాలు వేదికనలంకరించిన పెద్దలకే పోతాయి. పేర్లన్నీ చదివేసరికి వినేవాడి చెవి మూసుకుపోతుంది. "సభకు నమస్కారం" అని నేరుగా విషయంలోకి రండి. ఒక సంగతి, ఒక అంకె, ఒక కోరిక, ఒక తేదీ. ఉదాహరణకు: "కిందటి అక్టోబరులో మన శివారు పొలాల్లో అయిదు రోజులు నీళ్లు నిలిచాయి. 64 ఎకరాలు మునిగాయి. తూడు తీయిస్తే ఈసారి మునగవు. వచ్చే సోమవారం అర్జీ ఇస్తున్నాం, ఇక్కడున్న ప్రతి రైతూ తన సర్వే నంబరు రాసి సంతకం పెట్టాలి." ఇరవై సెకన్లలో అయిపోయింది. మిగిలిన సమయం ప్రశ్నలకు ఉంచండి. రాసుకొచ్చి చదివేవాళ్లను మూడో సారి నుంచి కాగితం లేకుండా నిలబెట్టండి. చిన్న కార్డు మీద నాలుగు మాటలు ఉంటే చాలు.

సాధనకు బయటా చోట్లున్నాయి. యువతకు నాయకత్వం నేర్పే జేసీఐ సంస్థలో 18 నుంచి 40 ఏళ్ల వాళ్లుంటారు, రోటరీ వాళ్ల యువజన విభాగమైన రోటరాక్ట్ క్లబ్బులు ఉన్నాయి. మీ పట్టణంలో ఉంటే చేరండి. కానీ అక్కడి చప్పట్లు చూసి ఊళ్లో పని అయిపోయిందనుకోవద్దు.

మురుగు కాలువ: మొదటి నిజమైన పని

జనవరిలో ఒక్క పని ఎత్తుకోండి, రెండు వద్దు. డెల్టాలో అందుకు మురుగు కాలువ మంచి పాఠం. నీళ్లు రావడానికి ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలున్నాయి, పోవడానికి మాత్రం దారి మూసుకుపోతోంది. కోనసీమ రైతులు 2011లో పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న కష్టాల్లో ముంపు కూడా ఒకటి.

ముందు కొలవండి. ఒక పొడవాటి వెదురు గడ మీద అడుగుకొక గీత పెట్టి, వంతెనల మీద నుంచి మూడు చోట్ల దించండి. గడ ఆనిన చోట నీటి లోతు రాసుకోండి, ఆపైన గట్టిగా నొక్కితే ఎంత దిగబడిందో రాసుకోండి. రెండో అంకె పూడిక. గట్టు నుంచి గట్టుకు వెడల్పు టేపుతో కొలవండి. తూడు, గుర్రపుడెక్క ఎంత పొడవున పట్టిందో ఫోను మ్యాపులో గుర్తించండి. తేదీ, లొకేషన్ పడేలా ఫొటోలు తీయండి. నీళ్లలోకి దిగొద్దు, ఊబి ఉంటుంది. మునిగిన పొలాల జాబితా రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు, ఎన్ని రోజులు అన్న వరసలో రాయండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. నమూనా ఇది, అంకెలు మీవి పెట్టుకోండి:

"అయ్యా, మా గ్రామ మురుగు కాలువ రోడ్డు కల్వర్టు నుంచి రైల్వే వంతెన వరకు సుమారు 1,200 మీటర్ల పొడవున తూడుతో మూసుకుపోయింది. ఈ నెల 5న మూడు చోట్ల కొలవగా నీటి లోతు 4 అడుగులు, దాని కింద పూడిక 3 అడుగులు ఉంది. కిందటి అక్టోబరులో 64 ఎకరాల వరి 5 రోజులు మునిగింది. 41 మంది రైతుల సర్వే నంబర్లు, 6 ఫొటోలు జతపరిచాం. వేసవిలో కాలువలు కట్టినప్పుడు చేసే పనుల్లో దీన్ని చేర్చి అంచనా తయారుచేయవలసిందిగా కోరుతున్నాం. అంచనా ఏ తేదీకి పై అధికారులకు పంపుతారో తెలియజేయగలరు."

ఆఖరి వాక్యమే అర్జీకి ప్రాణం. తేదీ అడిగితే రెండోసారి వెళ్లడానికి కారణం దొరుకుతుంది. ముందు ఏఈ, అక్కడ కదలకపోతే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈఈ), ఆపైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ). ఎకాఎకి కలెక్టరు గారి దగ్గరికి పరుగెత్తితే ఆ కాగితం తిరిగి తిరిగి ఏఈ బల్ల మీదికే వస్తుంది, ఆయన మనసు మాత్రం విరిగిపోయి ఉంటుంది. మూడు వారాల్లో జవాబు లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడిచ్చే అర్జీ నంబరు దాచుకోండి, 1100కు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో అడగొచ్చు. ఇంకా కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "పని ఎందుకు చేయలేదు?" అని అడిగితే ఏమీ రాదు. "ఫలానా కాలువకు ఈ ఏడాది తయారైన అంచనా ప్రతి ఇవ్వండి" అని కాగితం అడగాలి.

జనవరిలోనే ఎందుకంటే, అంచనా, మంజూరు, టెండరు ఒక్కోటీ వారాలు తింటాయి. ఏప్రిల్‌లో మేలుకున్నవాళ్ల పని జూన్‌లో నీళ్లు వదలబోయే ముందు పైపైన గీకి బిల్లు చేసుకోవడంతో ముగుస్తుంది.

అధికారుల కంటే కష్టమైన మాటలు ఊళ్లోనే ఉంటాయి. మీ ఊరి తూడు లాగి కిందికి వదిలితే దిగువ ఊరు మునుగుతుంది. కాబట్టి పని దిగువ నుంచి ఎగువకు సాగాలి. అర్జీ ఇవ్వకముందే దిగువ ఊరికి వెళ్లి, వాళ్ల సంతకాలూ తీసుకోండి. తీసిన తూడు గట్టు అంచునే పోస్తే మొదటి వానకు మళ్లీ లోపలే ఉంటుంది, ఎక్కడ పోయాలో ముందే తేల్చుకోండి. గుర్రపుడెక్క మొక్క కొంచెం మిగిలినా వెచ్చటి నీటిలో వారాల్లోనే కమ్మేస్తుంది, నెలకొకసారి చూసే మనిషిని పెట్టండి. చెరువు గట్టు కాలువలోకి జరిగి ఉంటే ఆ చెరువు రైతు ఇంటికి ఇద్దరు వెళ్లాలి, పదిమంది వెళ్లకూడదు. ఆ ఇద్దరిలో ఒకరు ఆక్వా మనిషి అయితే మంచిది. ఫొటోలు గ్రూపులో పెట్టి పరువు తీశాక ఎవరూ గట్టు వెనక్కి జరపరు.

నీటి వినియోగదారుల సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుణ్ణి మొదటి రోజే కలవండి. ఆయన పని మీరు లాక్కుంటున్నారన్న అనుమానం ఆయనకు రాకూడదు. వచ్చిన మంచిపేరు కూడా ఆయనకే వెళ్లనివ్వండి.

పంచాయతీ కాగితాలు

గ్రామసభలో ఊరి ఓటర్లందరూ సభ్యులే, మిమ్మల్ని ఎవరూ పిలవనక్కరలేదు. తేదీ పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. వెళ్లేముందు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో మీ పంచాయతీ ప్రణాళికా, చెల్లింపులూ చూడండి. రాబోయే ఏడాది ప్రణాళిక కసరత్తు అక్టోబరు నుంచే నడుస్తుంది కాబట్టి మొదటిసారి విని రాసుకోవడానికే వెళ్లండి.

అడగడంలో జరిగే తప్పు ఒకటుంది. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు కేటాయించిన 2021–26 నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టుబడినవి. మిగిలిన 40 శాతమే ఇతర స్థానిక అవసరాలకు, అవి కూడా జీతాలకు వాడకూడదు. ఈ తేడా తెలియకుండా తాగునీటి డబ్బుతో సీసీ రోడ్డు వేయమంటే కార్యదర్శి కాదనక తప్పదు, మీరు కోపంతో తిరిగొస్తారు. ఏ పద్దు కింద ఎంత ఉందో తెలుసుకుని ఆ పద్దుకు తగిన పని అడగండి. కొత్త గ్రాంట్లకు షరతులు వేరే ఉండొచ్చు, ఉత్తర్వు ప్రతి అడిగి చూడండి. మీ అంశం తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో సభ ముగిసేలోపే చూసుకోండి.

దుకాణంలో, మిల్లులో, ఆఫీసులో

వ్యాపారంలో నాయకత్వం బయటపడేది పని అప్పగించేటప్పుడు. "నువ్వే చూసుకోరా" అనడం అప్పగించడం కాదు, వదిలేయడం. ధాన్యం కొనడానికి మొదటిసారి ఒక కుర్రాణ్ణి పంపుతున్నారనుకోండి. ఏం కావాలో చెప్పండి: 75 కిలోల బస్తాలు 200, అంటే 15 టన్నులు. నాణ్యత ఎలా చూడాలో చెప్పండి: రాశిలో పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల తేమ మీటరు పెట్టాలి, 17 శాతం దాటకూడదు. ప్రభుత్వ కొనుగోలుకూ పరిమితి అదే. ఎంతవరకు తన ఇష్టమో చెప్పండి: ధరలో బస్తాకు 20 రూపాయల తేడా వరకు తనే తేల్చుకోవచ్చు, దాటితే ఫోన్ చేయాలి. రాత్రి ఏడింటికి ఏ లెక్కతో రావాలో చెప్పండి. ఆపైన మధ్యాహ్నం ఫోన్ చేసి రైతుతో మీరే బేరం మొదలెట్టకండి. ఒక్కసారి అలా చేస్తే రైతులంతా ఇక మీకే ఫోన్ చేస్తారు, ఆ కుర్రాడు మీటరు మోసే మనిషిగా మిగిలిపోతాడు.

తప్పు చేసి వస్తే ఆ రోజే, ఒంటరిగా, రాశి చూపించి మాట్లాడండి. అడుగున తేమ చూడలేదనుకోండి, "అడుగున మీటరు పెట్టలేదు, అందుకే 19 వచ్చింది, రేపు ముందు అడుగునే పెట్టు" అనండి. హమాలీల ముందు తిట్టిన తిట్టు ఏళ్లు గడిచినా మానదు.

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి వెళ్తే, భుజాల మీద మోసుకొచ్చే ఎత్తయిన ప్రభలను కౌశిక పాయ దాటించడం నిలబడి చూడండి. అంత బరువు నీళ్లలోంచి ఒరగకుండా అవతలి గట్టుకు చేరడం వెనక ఎవరి భుజం ఎక్కడో, ఎవరి కేకకు కదలాలో తెలిసిన మనుషులున్నారు. మీ మిల్లులో అంత స్పష్టత ఉందా అని మీరే చూసుకోండి.

వరద నెలలు

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. జూన్‌లోనే ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి, ఏ హెచ్చరికకు ఎవరు ఏం చేయాలో రాయండి. మొదటిదానికి నది మధ్య లంకల్లోని ఇళ్ల జాబితా సరిచూడాలి: మంచం పట్టిన పెద్దలు, తేదీ దగ్గరపడిన గర్భిణులు, పశువులు, పడవల వాళ్ల ఫోన్లు. రెండోదానికి పశువులు ఏటిగట్టు ఎక్కాలి. మూడోది రాకముందే పెద్దలు, గర్భిణులు పునరావాస కేంద్రంలో ఉండాలి. జాబితా వీఆర్వో గారికి ఒకటి, సచివాలయానికి ఒకటి ఇచ్చి, వాళ్లు చెప్పినట్టే నడుచుకోండి. ఈత రాకుండా ఉత్సాహం కొద్దీ పడవలెక్కొద్దు. ఎగువన భద్రాచలంలో 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ముందుగానే వస్తాయి, అవి చూస్తూ ఉంటే ఇక్కడ తొందరపాటు ఉండదు.

వరద రోజు కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు. ఎండలో రాసుకున్న కాగితమే ఆ రోజు పనికొస్తుంది. ఈ కాగితం సరిగ్గా రాయగలిగినవాళ్లు ఎన్నికలైనా, కొత్త బ్రాంచి తెరవడమైనా నడపగలరు.

ఏడాది నిండాక

ఇప్పుడు ఒక్కొక్కరు ఒక చిన్న బాధ్యతలోకి వెళ్లాలి. బడి యాజమాన్య కమిటీ, నీటి సంఘం, చాంబర్‌లో సంయుక్త కార్యదర్శి, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ బోర్డు, వార్డు మెంబరు. ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టాలంటే కనీసం 10 మంది రైతులు, అయిదుగురు డైరెక్టర్లు ఉండాలి. వాటాలు ఎన్నున్నా మనిషికి ఒక్కటే ఓటు, కాబట్టి ఒప్పించడం వచ్చినవాళ్లకు అది సరైన చోటు. పంచాయతీలో 5 నుంచి 21 మంది దాకా సభ్యులుంటారు. వార్డు మెంబరు, సర్పంచ్ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు, ఎంపీటీసీ, జెడ్పీటీసీలకు ఉంటాయి. వార్డుల రిజర్వేషన్ ప్రతిసారీ మారొచ్చు, ఒకే కుర్చీ మీద ఆశ కట్టుకోకండి. మీ వార్డు వేరేవాళ్లకు రిజర్వైతే, మీ బృందంలో ఆ అర్హత ఉన్నవాళ్ల వెంట నిలబడి పని చేయండి.

చిన్న మెట్టు అని తీసిపారేయనక్కరలేదు. కోనసీమ నుంచి వెళ్లిన జి.ఎం.సి. బాలయోగి 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడు, 1991లో అమలాపురం ఎంపీ, 1998లో లోక్‌సభ స్పీకర్. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ నెలకొల్పిన ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ అక్కడి శాసనసభ్యుడిగానూ పనిచేశారు. మిల్లూ ప్రజా జీవితమూ ఒకే మనిషి నడపడం ఈ నేలకు కొత్త కాదు.

ఆఖరి సమావేశంలో ఒకే అంశం పెట్టుకోండి, అప్పగింతలు. పాత కార్యదర్శి కొత్తవారి ముందు సంచి విప్పి ఒక్కోటీ చూపించాలి: మినిట్స్ పుస్తకంలో వాడిన పేజీలు ఎన్ని, రసీదు పుస్తకంలో మిగిలినవి ఏ నంబరు నుంచి, పాస్‌బుక్కులో నిల్వ ఎంత, జవాబు రాని అర్జీలు ఏవి, వరద కాగితం, అధికారుల ఫోన్ల జాబితా, గీతలు పెట్టిన వెదురు గడ. ఇద్దరూ తేదీ వేసి సంతకాలు పెట్టాలి. ఆ కిందే, దసరా తర్వాత జరిగే తొలి సమావేశం తేదీ, దాని అధ్యక్షుడి పేరు రాసి పుస్తకం ఇచ్చేయాలి.